పులి లేదని చెప్పని కొట్టు

కొట్టు వెనక గది,
సోమవారం మధ్యాహ్నం

వదినా,

నువ్వు ఆఫీసు పనంటూ ఊరు మారి ఇంకా పెట్టె సర్దుకున్నావో లేదో, ఇక్కడ నీ మొగుడు కొంప ముంచే పని మొదలుపెట్టాడు. నీతో అనొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. అనడం లేదు కదా, రాస్తున్నాను.

నిన్న మొబైల్ షోరూమ్ ఆయనొకడు వచ్చి టేపు పట్టుకుని వేషాలు అద్దెకిచ్చే మన కొట్టు గోడలన్నీ కొలిచాడు. కిరీటాలు పెట్టే అర మీద వేలితో కొట్టి "ఇక్కడ చార్జర్లు" అన్నాడు. పులి తలకాయ తగిలించే మేకు చూసి "ఇక్కడ పెద్ద టీవీ" అన్నాడు. అన్నయ్య పక్కనే నిలబడి ప్రతిదానికీ గంగిరెద్దులా తలూపాడు.

ఆయన వెళ్లాక నిలదీస్తే బయటపడింది. రెండు వీధుల అవతల కొత్త వేషాల కొట్టు తెరిచారు కదా, వాళ్లకి వెబ్‌సైట్ ఉందట. టీచర్లు బడిలో కూర్చున్న చోటి నుంచే రాజుని, రాణిని, పోలీసుని బుక్ చేసేసుకుంటున్నారట. మనకేమో నల్లబల్ల, సుద్దముక్క, అన్నయ్య చేతిరాత. బడుల వార్షికోత్సవాలు అయిపోయేలోపు బేరాలు పుంజుకుంటే సరి, లేదంటే కొట్టు తాళం మొబైల్ ఆయనకి. అదీ ఒప్పందం.

నాన్న పెట్టిన కొట్టు వదినా ఇది. ఇందులో ఉన్న ప్రతి తోకా, ప్రతి మీసమూ నా చేత్తో కుట్టినవే. ఇది పోతే నేనేం చేయాలి? సెల్‌ఫోన్లకి చొక్కాలు కుట్టుకుంటూ కూర్చోవాలా? తలుచుకుంటేనే ఏడుపొస్తోంది.

వెబ్‌సైట్లు చేసేవాళ్ల తప్పులు పట్టుకోవడమే కదా నీ ఉద్యోగం. నాకు చేయడం నేర్పు. కుట్టుమిషన్ తప్ప ఇంకే మిషనూ ఇంతవరకు నా మాట వినలేదు. అది మాత్రం ముందే చెప్పేస్తున్నాను.

నీ మరదలు,
పిడుగు

*

ఆఫీసు క్యాంటీన్,
గురువారం

ఒసేయ్ పిడుగూ,

నువ్వు నాకేమీ రాయలేదు, నేనేమీ చదవలేదు. నిన్న మీ అన్నయ్య ఫోన్ చేసి "కొట్టు బ్రహ్మాండంగా నడుస్తోంది" అన్నాడు. "అలాగా, గోడలు కూడా కులాసాయేనా?" అన్నాను. ఎవరో బేరం వచ్చారంటూ ఫోన్ పెట్టేశాడు.

నేర్పుతాను. కానీ ఫోన్లో నేర్పను. ఫోన్లో నువ్వు ప్రతిదానికీ "ఊఁ, అర్థమైంది" అంటావు. నీ ఊఁ సంగతి నాకు తెలుసు. కారు నేర్పినప్పుడూ ఊఁ అనే అన్నావు, మన గేటు ఇప్పటికీ నడుం వంచుకునే ఉంది. అందుకని ఏం చేశావో, ఏమైందో, ఎందుకైందని అనుకుంటున్నావో అంతా ఉత్తరంలో రాయి. నీ మాటల్లో రాయలేకపోయావంటే నీకు బోధపడలేదన్నమాట.

బీరువా మీద నా పాత ల్యాప్‌టాప్ ఉంది, పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. మొదట ఒక్క పేజీ చెయ్యి. కొట్టు పేరు, నాలుగు బొమ్మలు, ఫోన్ నంబరు. అంతకు మించి తెలివితేటలు చూపించకు.

వదిన

*

కొట్టు వెనక గది,
వాన పడుతున్న మంగళవారం

వదినా,

పేజీ వచ్చేసింది! మొదట్లో తెల్ల తెర తప్ప ఏమీ కనపడలేదు. ఎక్కడో ఒక చిన్న గుర్తు పెట్టడం మర్చిపోయానట, దానికి పేజీ మొత్తం అలిగి కూర్చుంది. కుట్టుపనిలో ఒక కుట్టు తప్పితే ఒక కుట్టే ఊడుతుంది. ఇదేం పాపిష్టి పనమ్మా!

చివరికి పులి బొమ్మ వచ్చింది. దాని కింద "పులి ఉంది" అని రాశాను. అన్నయ్య కళ్లజోడు తుడుచుకుని మరీ చూసి, "కదలదా?" అన్నాడు.

కదలకపోవడమే కొంప ముంచింది. శుక్రవారం పులి ఒక బడికి వెళ్లింది. పేజీలో మాత్రం ఉందనే ఉంది. అది చూసుకుని ఒక డ్రాయింగు మాస్టారు వానలో తడుచుకుంటూ వచ్చాడు. మన కొట్టులో "లేదు" అన్న మాట నాన్న కాలం నుంచీ ఎవరి నోటా రాకూడదు కదా. అన్నయ్య ఆయన్ని కూర్చోబెట్టి, తుండుగుడ్డ ఇచ్చి, "పులిదేముంది సార్, ఏ బడిలో చూసినా పులే. ఈ ఎలుగుబంటిని చూడండి, ఎంత నిండుగా ఉందో" అని అంటగట్టి పంపేశాడు. పాపం ఆయన నాటకంలో "నీ చారలు చూసి భయపడతామా" అని పాట ఉందట.

పులి వెళ్లినప్పుడల్లా నేను కూర్చుని పేజీని చేత్తో మార్చాలా? అంతకన్నా నల్లబల్లే నయం కదా వదినా.

పిడుగు

*

ఆఫీసు మెట్లు,
శనివారం

పిడుగూ,

క్యాంటీన్లో చదివితే ఒక్కదాన్నే నవ్వుతున్నానని అందరూ వింతగా చూశారు, అందుకే మెట్ల మీదకి వచ్చి రాస్తున్నాను.

నువ్వు చేసింది గోడ మీద రంగుతో రాసిన బోర్డు. ఎవరొచ్చినా, ఎప్పుడొచ్చినా అదే మాట. నీకు కావలసింది డైనమిక్ పేజీ. అది ముందుగా రాసిపెట్టి ఉండదు, అడిగినప్పుడు అప్పటికప్పుడు తయారవుతుంది.

మన కొట్టులో జరిగేది చూడు. టీచరు కౌంటర్ దగ్గరకొచ్చి "పులి ఉందా?" అంటుంది. నువ్వు లోపలికి కేకేస్తావు. అన్నయ్య నల్లబల్ల చూసి చెప్తాడు. అది నువ్వు నవ్వు మొహం పెట్టుకుని టీచరుకి చెప్తావు. కౌంటరే నీ పేజీ. లోపలున్న అన్నయ్య సర్వర్. నల్లబల్ల డేటాబేస్. తేడా అల్లా, సర్వర్ మధ్యాహ్నం కునుకు తీయదు.

వేషాలన్నీ ఒక పట్టికలో పెట్టు. బుకింగులు ఇంకో పట్టికలో, ఏ వేషం, ఏ తేదీ, ఏ బడి అని. ఎవరైనా అడగ్గానే ఆ తేదీకి ఆ వేషం ఖాళీయా కాదా అని ప్రోగ్రాం చూసుకోవాలి. ఖాళీ అయితే రాసుకోవాలి. కాకపోతే ఏం చేయాలో అదీ నువ్వే చెప్పాలి. మెషీన్‌కి సొంత బుద్ధి ఉండదు, నీ బుద్ధే దానికొస్తుంది. అదే నా భయం.

వదిన

*

కొట్టు వెనక గది,
ఎండ కాసిన సోమవారం

వదినా, వదినా, వదినా!

ఇన్ని వారాలు ఉత్తరం రాయలేదని తిట్టుకుని ఉంటావు. తిట్టుకో, నాకేం పట్టదు. పని చేస్తోంది! నిన్న ఎవరో తెలియని బడివాళ్లు, మన వీధి మొహం కూడా చూడనివాళ్లు, ముగ్గురు సైనికుల్ని బుక్ చేశారు. నేను కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఉండగానే! లేచి గదంతా గంతులేశాను. అన్నయ్య మాత్రం నమ్మకుండా నల్లబల్ల మీద కూడా ఎక్కించుకున్నాడు.

బేరాలు వస్తున్నాయి. మొబైల్ ఆయన వారానికోసారి వచ్చి పలకరించి పోతున్నాడు. ఆయన చూపు గోడల మీదే. నేను ప్రతిసారీ ఏదో ఒక తలకాయ తగిలించుకుని ఎదురెళ్తున్నాను.

ఒక్కటే చిరాకు. ఎవడో పనీపాటా లేని వెధవ "రసికుడు" అని పేరు పెట్టుకుని మన సైట్ మీద పడ్డాడు. నాలుగొందల ఏనుగులు కావాలన్నాడు. అదీ నిన్నటి తేదీకి! ఎత్తు అన్న చోట మైనస్ మూడడుగులు అని కొట్టాడు. మైనస్ మూడడుగుల మనిషికి నేను పంట్లాం ఎలా కుట్టను? నేలలోకి కుట్టాలా? వాడి చేతులు పడిపోను, వాడికి వాడిలాంటి కోడలు రాను!

అన్నట్టు, వేషం ఖాళీ లేకపోతే ఏం చేయాలో ప్రోగ్రాంకి చెప్పమన్నావు కదా. చెప్పాను. ఎలాగో నీకు చెప్పను. అది నా సొంత తెలివి. ఒక్కోసారి మాత్రం సైట్ గుడ్లప్పగించి ఆగిపోతోంది, మళ్లీ ఆన్ చేస్తే సర్దుకుంటోంది. అదేం పెద్ద విషయం కాదులే.

పిడుగు

*

ఆఫీసు క్యాంటీన్,
బుధవారం

పిడుగూ,

శభాష్. మనస్ఫూర్తిగా అంటున్నాను, దాచుకో. మళ్లీ ఎప్పుడంటానో తెలియదు.

ఆ రసికుడెవరో పాపం, అంతలేసి శాపనార్థాలు ఎందుకే? లోకంలో అన్ని రకాల మనుషులూ ఉంటారు. కొందరికి ఏనుగులంటే ఇష్టం. కౌంటర్ దగ్గర ఎవడైనా నాలుగొందల ఏనుగులు అడిగితే వాడి మొహం చూసి పంపేస్తావు. పేజీకి మొహం కనపడదు, అందుకని ప్రతి గడికీ ఒక కాపలా పెట్టు. గడిచిపోయిన తేదీ వద్దు. సున్నా కన్నా తక్కువ ఎత్తు వద్దు. ఉన్నవాటికన్నా ఎక్కువ వద్దు. అప్పుడు ఎంత రసికుడైనా తోక ముడుస్తాడు.

సైట్ ఆగిపోతోందన్నావు. ఎందుకో రాయి. "పెద్ద విషయం కాదులే" అన్నది కారణం కాదు.

వదిన

*

కొట్టు వెనక గది,
శుక్రవారం పొద్దున

వదినగారికి,

కాపలాలు పెట్టేశాను. నీ రసికుడు ఒక్కడే ఇంకా వస్తున్నాడు. మొన్న పోలీసు వేషం అడిగాడు. "ఎందుకు కావాలి" అన్న గడిలో "గేటును గుద్దే సీను కోసం" అని రాశాడు.

ఆ గేటు సంగతి లోకంలో ముగ్గురికే తెలుసు. అందులో ఒకరు అన్నయ్య, ఆయనకి టైపింగ్ రాదు. ఇంకొకరు నేను. మూడో మనిషిని నేను "వాడికి వాడిలాంటి కోడలు రాను" అని కూడా శపించాను. నాకేం సిగ్గుగా లేదు, వెనక్కి తీసుకోను.

దయచేసి ఒకసారి రసికుడి పేరుతో లాగిన్ అవ్వండి. తమరి కోసం ప్రత్యేకంగా ఒక ఏర్పాటు చేశాను.

భవదీయురాలు,
పిడుగు

*

ఆఫీసు మెట్లు, తలుపు వేసుకుని,
మంగళవారం

రాక్షసీ,

మా టీం లీడరు నా వెనకే నిలబడి ఉండగా తెరిచాను. తెర నిండా గాడిద. కింద పెద్దక్షరాలతో "స్వాగతం రసికుడు గారూ! మీ కొలతలకి సరిపడా గాడిద వేషం సిద్ధంగా ఉంది. తోక ఉచితం." ఆయన చాలాసేపు చదివి, "మీకు బాగా తెలిసినవాళ్ల సైటా?" అన్నాడు. ఆఫీసంతా ఇప్పుడు నన్ను రసికుడు గారూ అనే పిలుస్తోంది.

అయినా పిడుగూ, గుర్తు తెలియని మనిషికి మామూలు పేజీ, నాకొక్కదానికి గాడిద! ఎవరొచ్చారో చూసుకుని పేజీ మారుతోంది. నేను చెప్పకుండానే అది పట్టేశావు. ఇంటికి ఫోన్ చేసి మీ అన్నయ్యతో నీ గురించి గొప్పగా చెప్పాను. గాడిద సంగతి చెప్పలేదు.

నీ శాపాలన్నీ స్వీకరించాను. టెస్ట్ చేయడం నా వృత్తి, ఏడిపించడం నా హక్కు.

వదిన

*

కొట్టు,
గురువారం

వదినా,

అంతా అయిపోయింది.

నీకు చెప్పను, నా సొంత తెలివి అన్నానే, అది ఇది. మన కొట్టులో లేదు అనకూడదు కదా. అందుకని ప్రోగ్రాంకీ ఆ మాట నేర్పలేదు. పులి ఖాళీ లేకపోతే సింహం ఇవ్వు, సింహం లేకపోతే ఎలుగుబంటి, అదీ లేకపోతే కుందేలు, ఏదీ లేకపోతే చెట్టు. అచ్చం అన్నయ్యలాగే రాశాను. అన్నయ్య అయితే ఎదుటి మనిషికి నచ్చజెప్పి ఇస్తాడు. నా ప్రోగ్రాం ఎవరికీ చెప్పకుండా మార్చేసి, "మీ బుకింగ్ అయింది, చాలా సంతోషం" అని నవ్వు బొమ్మ పెట్టింది. సైట్ ఎందుకు ఆగిపోతోందో కూడా ఇప్పుడు తెలిసింది. రాజు లేకపోతే మంత్రి, మంత్రి లేకపోతే సేనాపతి, సేనాపతి లేకపోతే మళ్లీ రాజు అని రాశాను. ముగ్గురూ బయట ఉన్న రోజున అది వాళ్ల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, పాపం.

నిన్న ఒకే రోజు రెండు బడుల్లో అడవి నాటకాలు. మొదటి బడి మన జంతువులన్నిటినీ తీసుకుపోయింది. రెండో బడికి అన్నీ చెట్లే వెళ్లాయి. చీటీలో అన్నీ చెట్లే కనపడితే, నేను కుట్టిన చెట్లని ఇన్నాళ్లకి ఒకరు అడిగారని మురిసిపోతూ మూట కట్టాను. అక్కడ మూట నాటకం వేళకే విప్పారట, స్టేజీ నిండా చెట్లు. పులి కావలసిన పాప చెట్టులో నిలబడి, "గాండ్రు" అని ఒక్కసారి అని, ఏడ్చేసిందట.

పొద్దున్నే ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. అరవలేదు. అరిచినా బావుండేది. "మీ సైట్ అబద్ధం చెప్పింది. ఇక మా సంస్థ బడులు వేటికీ మీ కొట్టు పేరు చెప్పను" అంది. అన్నయ్య "చెట్లు కూడా చల్లగా బావుంటాయి మేడమ్" అన్నాడు. సరిగ్గా అప్పుడే మొబైల్ ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వచ్చే శనివారం తాళానికి వస్తానన్నాడు. అన్నయ్య తలూపాడు.

నాకు ఏ పనీ చేతకాదు వదినా. ల్యాప్‌టాప్ మళ్లీ బీరువా మీద పెట్టేశాను.

*

నా గది,
ఉత్తరం అందిన రోజే

పిడుగూ,

ముందు కళ్లు తుడుచుకో. తరవాత ల్యాప్‌టాప్ కిందకి దించు.

నాలుగొందల ఏనుగుల్ని అడిగానే గానీ, ఒకే తేదీకి రెండో పులిని అడగాలని నాకు తట్టలేదు. అది కదా నేను మొట్టమొదట అడగాల్సింది! తప్పులు పట్టడంలో నా అంత మొనగత్తె లేదని ఇక్కడ అందరితో చెప్పుకుంటాను. కాబట్టి ఒక్కదానివే ఏడవకు, నాకూ కాస్త వాటా ఉంచు.

ఇప్పుడు అసలు సంగతి విను. మీ అన్నయ్యకి కొట్టు ఇవ్వాలని లేదే పిచ్చిదానా, ఇందాకే ఫోన్లో కక్కించాను. మొబైల్ ఆయన అడిగాడు, ఈయన కాదనలేకపోయాడు, అంతే. నీకు చెప్పిన గడువు, ఒప్పందం, అన్నీ ఆ తరవాత అల్లుకున్నవి. ఈయనకి కాదనడం రాదు. పెళ్లి చేసుకుందామా అని నేనే అడిగాను, నీకు తెలుసుగా. అప్పుడూ ఇలాగే తలూపాడు. కాదనలేకే నన్ను చేసుకున్నాడేమో అని ఇన్నేళ్లయినా నాకు లోపల ఒక ముల్లు. నవ్వకు. మీ ఇంటి మొహమాటాన్ని నువ్వు ఆ ప్రోగ్రాంకి కూడా అంటించావు.

దానికి లేదు అనడం నేర్పు. "ఆ తేదీకి పులి లేదు" అని ముందు చెప్పాలి. తరవాత ఏ తేదీకి ఉందో చెప్పాలి. ఇంకేదైనా కావాలా అని అడగాలి, వాళ్లు ఊఁ అంటేనే మార్చాలి. రాజుగారి ప్రదక్షిణ కూడా అక్కడితో ఆగిపోతుంది.

అది అయ్యాక పులిని తీసుకుని ఆ బడికి వెళ్లు. శనివారం మొబైల్ ఆయనకి ఏం చెప్తావో నాకు తెలియదు. నేను అక్కడ లేను. నువ్వున్నావు.

వదిన

*

కొట్టు,
శనివారం సాయంత్రం

వదినా,

రాసేశాను. మొదటిసారి తెర మీద "ఆ తేదీకి పులి లేదు" అని కనపడగానే ఎవరైనా చూశారేమోనని ల్యాప్‌టాప్ మూత వేసేశాను. నాన్న ఉంటే ఏమనేవాడో!

బుధవారం పులిని చంకలో పెట్టుకుని బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ కూర్చోమనలేదు. పాపని పిలిపించమన్నాను. పులి తలకాయ చూడగానే ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి తొడుక్కుని, నాలుగు తరగతుల్లోకి దూరి అందరినీ తరిమి తరిమి కొట్టింది. లెక్కల టీచరు బల్లెక్కింది. హెడ్‌మిస్ట్రెస్ మొహం అప్పుడు కాస్త విచ్చుకుంది. తల్లిదండ్రుల మీటింగులో నాటకం మళ్లీ వేద్దామనుకుని, ఫోన్ తీసి మన సైట్‌లో పులిని అడిగింది. ఆ రోజుకి లేదంది సైట్. మర్నాడు ఉందంది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆ కొత్త కొట్టువాళ్లు అన్నీ ఉన్నాయంటారు, తీరా ముందురోజు ఫోన్ చేసి చేతులెత్తేస్తారు. మీది ముందే చెప్పింది, నయం" అని మీటింగునే ఒకరోజు జరిపేసింది. నిన్న వాళ్ల బడుల నుంచే వరసగా బేరాలు.

ఇవాళ మొబైల్ ఆయన వచ్చాడు. ఆయన్ని వీధి చివర చూడగానే నీ మొగుడు మాయం. ఎక్కడున్నాడనుకున్నావు? ఎలుగుబంటి వేషంలో దూరి, చెట్ల వేషాల మధ్య కదలకుండా నిలబడ్డాడు! మొబైల్ ఆయన తాళం అన్నాడు. మన ఇంట్లో ఎవరం ఎప్పుడూ అనని మాట కదా. "ఇవ్వమండీ" అన్నాను. "మీ అన్నయ్యగారు మాటిచ్చారే" అన్నాడు. అప్పుడు ఎలుగుబంటి చెట్లు తోసుకుంటూ బయటికొచ్చింది. తలకాయ ఊడబెరికి, చెమటలు కారుతున్న మొహంతో, "మా చెల్లి చెప్పింది కదండీ. ఇవ్వం" అన్నాడు అన్నయ్య. ఆ వెంటనే, "ఈ వీధి మలుపులో ఒక గది ఖాళీగా ఉంది, కావాలంటే నేనే వచ్చి మాట్లాడతాను" అన్నాడనుకో. అలవాటు ఎక్కడికి పోతుంది!

ఆయన మెట్లు దిగుతున్నాడు. అన్నయ్య ఎలుగుబంటి కాళ్లతోనే స్టూలు మీద కూలబడి, "మరీ గట్టిగా అన్నానా?" అని నన్నడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఊపులోనే, నన్ను తిట్టుకో వదినా, నీ ఉత్తరంలో మాట అడిగేశాను. "వదినని కూడా ఇలాగే కాదనలేక చేసుకున్నావా?" అని.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "లేదు!" అన్నాడు.

వీధిలోకి వెళ్లిపోతున్న మొబైల్ ఆయన కూడా ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

పిడుగు